అక్షరాలు ఎవడబ్బ సొత్తు?

అమెరికా కాలేజీల్లో విద్యార్థులు సంఘాలు కట్టుకుంటారు. మగపిల్లలది ఫ్రెటర్నిటీ, ఆడపిల్లలది సొరోరిటీ. అంటే అన్నదమ్ముల సంఘం, అక్కచెల్లెళ్ల సంఘం. పేర్లు మాత్రం గ్రీకు అక్షరాల్లో ఉంటాయి. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పాతో ఈ ఆనవాయితీ మొదలైంది. ఆ రోజుల్లో గ్రీకు చదివిందెవరు? కలిగినోళ్ల కొడుకులు. అదే వర్జీనియాలో 1831లో నల్లవాళ్లను ఒకచోట చేర్చి చదువు చెబితే శిక్ష వేసేలా చట్టం చేశారు. తర్వాత చదువు దొరికినా, చాలా తెల్ల సంఘాలు నల్లవాళ్లను చేర్చుకోమని నిబంధనల్లోనే రాసుకున్నాయి.

మరి నల్ల విద్యార్థులేం చేశారు? 1906 డిసెంబర్ 4న కార్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు కలిసి ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. 1908లో హోవర్డ్ యూనివర్సిటీ అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. ఎవర్నీ బతిమాలలేదు. దొరల అక్షరాలను తమవి చేసుకున్నారు.

శాఖలకు పేర్లు పెట్టే తీరు చూడండి. గ్రీకు అక్షరాలు 24. ఆల్ఫా ఫై ఆల్ఫాలో మొదటి శాఖ కార్నెల్‌ది, దాని పేరు ఆల్ఫా. రెండోది హోవర్డ్‌ది, బీటా. మన అ, ఆ, ఇ, ఈ లాగా వరస. అక్షరాలు అయిపోతే రెండేసి కలుపుతారు: ఆల్ఫా ఆల్ఫా, ఆల్ఫా బీటా. చదువులు ముగించిన పెద్దవాళ్ల శాఖకైతే చివర లాంబ్డా చేరుస్తారు. ఆఖరి అక్షరం ఒమేగాను ఏ కాలేజీకీ ఇవ్వరు. అది చనిపోయినవాళ్లది. 1952లో బోస్టన్‌లో సిగ్మా శాఖలో చేరిన మార్టిన్ లూథర్ కింగ్‌ను 1968లో కాల్చి చంపారు. సంఘం లెక్కలో ఆయన ఇప్పుడు ఒమేగా శాఖలో ఉన్నాడు. 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాసిన డుబోయిస్ కూడా ఆ సంఘం సభ్యుడే.

ఇందులో మాకు నచ్చిందొకటుంది. శాఖకు చందా ఇచ్చినాయన పేరు లేదు, నాయకుడి పేరూ లేదు. ముందు పుట్టింది ముందు, వెనక పుట్టింది వెనక. నాయకుడి పేరు మీద బోర్డు కడితే ఏమవుతుందో మనకు తెలీదా? ఆయన ఎటు పోతే బోర్డూ అటే పోతుంది.

నచ్చనివీ ఉన్నాయి. కొత్తగా చేరేవాళ్లను కొట్టడం, అవమానించడం తెల్ల సంఘాల్లోనూ నల్ల సంఘాల్లోనూ జరిగింది. పిల్లల ప్రాణాలే పోయాయి. ఇక ఈ సంఘాలు కాలేజీ మెట్లెక్కినోళ్లవి. ఆ పిల్లల్ని చదివించడానికి బట్టలుతికిన తల్లికి అందులో చోటు లేదు.

అయినా 1913 జనవరిలో హోవర్డ్‌లో 22 మంది అమ్మాయిలు డెల్టా సిగ్మా థీటా పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 3న, ఆడవాళ్లకు ఓటు కావాలని వాషింగ్టన్ వీధుల్లో ఊరేగింపులో నడిచారు. ఆ అక్షరాలకు విలువ తెచ్చింది ఆ నడకే.

డిగ్రీ చదివిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన పేరు పక్కన కూడా బి.ఏ., బి.ఇడి. అని అక్షరాలున్నాయి. వాటిని గోడకు తగిలించుకుని కూర్చుందామా, వాడలోకి మోసుకొద్దామా?