ఎందుకు ఫోన్ చేయలేదని అడిగాం

మా సర్జరీ యూనిట్‌లో కొత్తగా చేరిన పీజీకి మొదటి రోజు మేం చెప్పేది ఒక్కటే: "నైట్ డ్యూటీ నీది, చూస్కో." చూసుకోవడానికి ఏం కావాలో మాత్రం చెప్పం. అర్ధరాత్రి సీటీ తీయించాలంటే ఎవరి సంతకం కావాలి, ఏ ఫారం లేకపోతే బ్లడ్ బ్యాంకు వాళ్లు శాంపిల్ తిప్పి పంపుతారు, వెంటిలేటర్ ఖాళీ ఉందో లేదో ఎవర్నడిగితే తెలుస్తుంది? ఇవేవీ పుస్తకాల్లో ఉండవు. గోల్డ్ మెడల్ తెచ్చుకున్న పిల్లకైనా తెలియవు. వార్డుబాయ్‌కి తెలుసు, సిస్టర్లకు తెలుసు, మాకూ తెలుసు. అష్టకష్టాలు పడి తనే కనుక్కుంటే చురుకైనవాడంటాం. లేకపోతే "వీడితో లాభం లేదు" అని తేల్చేస్తాం. మొదటి నెలలో పడ్డ ఆ ముద్ర మూడేళ్ల కోర్సంతా వదలదు.

ఓరియెంటేషన్ సభలో మాత్రం మైకు పట్టుకుని, మొదట్లోనే మంచిపేరు తెచ్చుకోవాలని కొత్త బ్యాచ్‌కి బోధిస్తాం. ఆ పేరు సగం మా చేతుల్లోనే ఉందన్న సంగతి ఆ సభలో ఎవరం ఎత్తం.

ఒక ఫస్టియర్ కుర్రాడు చేరిన కొత్తలో ఒక రాత్రి ఏదో సందేహం వచ్చి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాడు. "ఇంత చిన్నదానికి నిద్ర లేపుతావా? ఎంబీబీఎస్ ఎలా పాసయ్యావ్?" అని చీవాట్లు తిన్నాడు. పొద్దున రౌండ్స్‌లో అదే జోకైంది. అందరం నవ్వాం. ఆ మర్నాటి రాత్రి, పగలు ఆపరేషన్ చేసిన పేషెంటు డ్రెయిన్ బ్యాగు ఎర్రగా నిండుతోంది, పల్స్ 130కి ఎక్కింది. కుర్రాడు సెలైన్ వేగం పెంచాడు, బీపీ మళ్లీ మళ్లీ చూశాడు, కేస్ షీటులో నీటుగా రాశాడు. ఫోన్ మాత్రం తెల్లారాకే చేశాడు. మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చింది. పేషెంటు బతికాడు గానీ వారాల తరబడి ఐసీయూలో ఉండాల్సి వచ్చింది.

యూనిట్ మీటింగ్‌లో కుర్రాణ్ని నిలబెట్టి "ఎందుకు ఫోన్ చేయలేదు?" అని అడిగాం. "సారీ సర్" అన్నాడు. సీనియర్‌కి తెలపడంలో ఫస్టియర్ జాప్యమని మినిట్స్‌లో రాసుకున్నాం. రౌండ్స్‌లో మేం నవ్విన నవ్వు ఆ మినిట్స్‌లో లేదు.

తిట్లకు భయపడి నోరు మూసుకోవడం మనుషుల స్వభావం, ఏం చేస్తాం అనడానికీ లేదు. అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లపై అధ్యయనం చేసిన ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లోనే ఒక వింత సంగతి బయటపెట్టారు. బాగా పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, దాచకుండా చెప్పుకోగలిగారు కాబట్టి అని ఆమె తేల్చారు. మా యూనిట్ రికార్డులో పొరపాట్లు చాలా తక్కువ. దాన్ని చూసుకుని మురిసిపోయిన వాళ్లం మేం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టు సంగతీ అంతే. మొత్తం 19 అంశాలు. కత్తి పెట్టేముందు థియేటర్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని పైకి చెప్పాలన్నది అందులో ఒకటి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్టు వాడి చూశారు. ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 శాతం నుంచి 7కి తగ్గాయని 2009 జనవరిలో ప్రచురించారు. ఆ ఘనతంతా పేర్లు చెప్పుకోవడానిదే అనను. కానీ తన పేరు ఒకసారి పైకి చెప్పిన మనిషికి "సర్, కౌంట్‌లో ఒక గాజుగుడ్డ తగ్గింది" అనడానికి గొంతు పెగులుతుంది.

మా దగ్గరా ఆ ఫారం ఉంది. కుట్లు వేయడం అయిపోయాక, మూలన స్టూలు మీద కూర్చుని అన్ని గడుల్లో టిక్కులు పెట్టేది ఫస్టియరే. "అందరూ పేరు, పాత్ర చెప్పుకున్నారు" అన్న గడిలో కూడా. ఆ టిక్కులు పెట్టే పిల్ల పేరు థియేటర్‌లో మాలో సగం మందికి తెలియదు. "ఏమ్మా, ఫస్టియర్" అంటే పలుకుతుంది.

డ్యూటీ గంటల గురించి వేరే చెప్పాలా? రెసిడెంట్లకు ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ ఉండకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. మా రోస్టర్లు చూస్తే ఆ కాగితం మాదాకా రాలేదనుకోవాలి. వచ్చింది.

మా అందరికీ ఉన్న సమర్థన ఒకటే: మేమూ ఇలాగే నేర్చుకున్నాం. ఆరళ్లు పడ్డ కోడలు అత్త అయ్యాక చెప్పే మాటే ఇది. మేం నేర్చుకుంటుండగా ఏ పేషెంటుకు ఏమైందో మాత్రం ఎవరం లెక్క రాసుకోలేదు.

ఈసారి కొత్త బ్యాచ్ రాకముందు ఒక అసోసియేట్ ప్రొఫెసర్ యూనిట్ మీటింగ్‌కి ఒక కాగితం తెచ్చారు. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో నంబర్లు, ఏ పరిస్థితుల్లో అడగకుండానే సీనియర్‌ని లేపాలో, లేపినందుకు ఎవరూ తిట్టకూడదని కింద ఒక వాక్యం, దాని కింద మా అందరి సంతకాలకు చోటు. "అన్నీ నోటికందిస్తే ఇంకేం నేర్చుకుంటారు?" అన్నారు మా యూనిట్ పెద్దాయన. కాగితం తెచ్చినావిడ మిగతావాళ్ల వైపు చూశారు. ఆవిడ చెప్పింది సబబేనని మాలో చాలామందికి తెలుసు, బయట కారిడార్‌లో ఆ మాటే అనుకున్నాం కూడా. పెద్దాయన ఎదుట మాత్రం ఒక్కరం నోరు విప్పలేదు. తర్వాత ఎజెండాలో ఉన్న ఆటోక్లేవ్ రిపేర్ మీదికి వెళ్లిపోయాం.