కుర్రాళ్ల పేరు చెప్పి

కెనడా రాజధాని ఒట్టావాలోని యుద్ధ మ్యూజియంలో 2007లో ఒక చిన్న ప్యానెల్ మీద పెద్ద గొడవైంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నగరాల మీద వేసిన బాంబుల వల్ల ఏం ఒరిగింది, అది న్యాయమేనా అన్న వివాదం ఇంకా తెగలేదని అందులో రాశారు. ఆరు లక్షల మంది జర్మన్లు చనిపోయారనీ, యుద్ధం చివరి దశ దాకా వాళ్ల ఉత్పత్తి పెద్దగా తగ్గలేదనీ కూడా రాశారు. మాజీ సైనికులు నొచ్చుకున్నారు. సెనేట్ కమిటీ కలగజేసుకుంది. మ్యూజియం ఆ రాతని సాగదీసి, పదును తీసేసి మళ్లీ పెట్టింది. (1992లో 'ది వేలర్ అండ్ ది హారర్' అనే టీవీ డాక్యుమెంటరీకీ ఇదే మర్యాద జరిగింది.)

నా కోపం ఆ ముసలాళ్ల మీద కాదు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది పోయారు. అందులో పదివేల మంది దాకా కెనడా వాళ్లు. చాలామందికి పాతికేళ్లు కూడా లేవు. ఒక విడతకి 30 దాడులు. ఇక ఎగరలేనన్నవాడికి 'నైతిక స్థైర్యం లేనివాడు' అని ముద్ర. 1944 జూన్‌లో కాంబ్రే దాడిలో ఆండ్రూ మైనార్స్కీ తన బట్టలు అంటుకుంటున్నా, విమానం తోకలో ఇరుక్కుపోయిన గన్నర్‌ని బయటికి లాగాలని చూశాడు. కుదరలేదు. సెల్యూట్ చేసి దూకాడు, కాలిన గాయాలతో చనిపోయాడు. విచిత్రం, విమానం కూలినా లోపలున్నవాడు బతికాడు. ఈ సంగతి లోకానికి చెప్పింది అతనే.

సరే, ఈ ధైర్యానికి హాంబర్గ్ శవాల లెక్క ఎలా అడ్డొస్తుంది? 1943 జులైలో అక్కడ నిప్పుల తుఫాను రేగి, సెల్లార్లలో దాక్కున్నవాళ్లు ఊపిరాడక పోయారు. పౌరుల, ముఖ్యంగా కార్మికుల మనోబలాన్ని దెబ్బతీయాలని 1942 ఫిబ్రవరి ఉత్తర్వులోనే ఉంది. అది రాసింది తోకలో చలికి వణికిన కుర్రాడా?

మరి కావెంట్రీని ఎవరు తగలబెట్టారంటారు. హిట్లర్ విమానాలే. నాజీలని ఓడించాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఏ ఊరి మీద, ఎవరి ప్రాణాలు ఖర్చుపెట్టి, ఎంత సాధించారని అడిగితే, ఆ ప్రశ్న తగలాల్సింది ఉత్తర్వులిచ్చిన కుర్చీలకి. కుర్రాళ్ల గౌరవం అడ్డంపెట్టుకుని తప్పించుకున్నది ఆ కుర్చీలే.

ఆ పాత రాతని తెచ్చి మళ్లీ అక్కడే పెట్టమనండి. చనిపోయిన పదివేల మంది లెక్క పక్కనే.