కదలని యంత్రం – ఆగిన వైద్యం

కొబ్బరిచెట్టు మీదినుంచి జారిపడిన దింపు కార్మికుని ఆసుపత్రికి మోసుకువచ్చిన సమయంలో ఎక్స్‌రే బల్ల కదలకపోతే ఏమవుతుంది? అమలాపురం వైపువారు ఎదుర్లంక వంతెన దాటి కాకినాడకు, కొత్తపేట వైపువారు రావులపాలెం మీదుగా రాజమండ్రికి, రాజోలు వైపువారు చించినాడ వంతెన దాటి పాలకొల్లుకు పరుగు తీయవలసి వస్తుంది. కారు కిరాయి ఒక ఎత్తు, విరిగిన ఎముకతో గతుకుల దారిలో ప్రయాణం మరొక ఎత్తు. ఇంతటి యాతనకు కారణం ఒక్కొక్కసారి జారిన బెల్టు లేదా వదులైన మర మాత్రమే కావడం విచారకరం.

ఎక్స్‌రే యంత్రమనగానే కంటికి కనిపించని కిరణాలే అందరికీ గుర్తుకు వస్తాయి. కాని ఆ కిరణాలను సరియైన చోటికి చేర్చేవి మోటార్లు, బెల్టులు, పళ్ళచక్రాలు, బేరింగులే. బరువైన ఎక్స్‌రే గొట్టం సులువుగా పైకీ కిందికీ కదలడానికి ఎన్నో యంత్రాలలో ఉక్కుతాడు, ఎదురుబరువు ఉంటాయి. సి.టి. స్కానులో రోగి పడుకున్న బల్ల మిల్లీమీటర్ల లెక్కన లోపలికి జరగాలి. ఆ లెక్క తప్పితే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. అది మొండితనం కాదు, రోగికి రక్షణ.

బియ్యం మిల్లు నడిపినవారికి ఈ లోపాలు కొత్తవి కావు. మోటారు తిరుగుతూ బల్ల కదలకపోతే బెల్టు జారడమో, పళ్ళు అరగడమో, ఇరుసును కలిపే మర వదులవడమో జరిగి ఉండాలి. మోటారే తిరగకపోతే కరెంటు, ఫ్యూజు, విడవని బ్రేకు, హద్దు వద్ద ఆపే స్విచ్చి చూడాలి. కుదుపులతో, కీచుమంటూ కదిలితే బేరింగులను, పట్టాలలో చేరిన మురికిని అనుమానించాలి. ఎవరో పొరపాటున నొక్కిన అత్యవసర ఎర్ర మీటను మొదటే గమనిస్తే కొన్ని ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

అయితే మిల్లు మెకానిక్‌ను పిలిచి పని కానిద్దామనుకోవడం ప్రమాదకరం. హద్దు స్విచ్చిని కట్టివేసి యంత్రాన్ని నడిపితే రోగి నలిగిపోవచ్చు. ఉక్కుతాడు పోగులు తెగినట్లు కనిపిస్తే గొట్టం కింద ఎవరినీ ఉంచరాదు. కరెంటు ఆపి, గదికి తాళం వేసి, తెరమీది లోపపు సంఖ్యను రాసుకొని, శిక్షణ పొందిన ఇంజనీరుకు కబురు చేయడమే ఆసుపత్రి సిబ్బంది పని. కిరణాల భద్రతను తాకే మరమ్మతు జరిగితే, అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం నాణ్యతా పరీక్ష జరిపిన తరువాతే రోగులకు వాడాలి.

అంతర్వేది మొదలు ఓడలరేవు దాకా సముద్రపు ఉప్పుగాలి, ఏడాది పొడవునా తేమ కోనసీమకు తప్పనివి. ఉక్కుతాడుకు, పట్టాలకు తుప్పు ఇక్కడ త్వరగా పడుతుంది. ఎలుకలు తీగెలు కొరకడం సరేసరి. అందుచేత చెడిన తరువాత బాగుచేయడం కన్న చెడకముందే చూసుకోవడం మేలు. బెల్టు బిగువు, తాడు, బ్రేకు వరుసగా పరీక్షించి తేదీతో పుస్తకంలో రాయాలి. త్వరగా అరిగే భాగాలు జిల్లా కేంద్రంలోనే సిద్ధంగా ఉంచాలి.

వైద్య పరికరాల నిర్వహణకు కేంద్ర ప్రభుత్వం 2015లో ఒక కార్యక్రమం చేపట్టింది. జిల్లా ఆసుపత్రులలో పరికరాలు 95 శాతం కాలం, సామాజిక ఆరోగ్య కేంద్రాలలో 90 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 80 శాతం కాలం పనిచేయాలన్నది అందులోని లక్ష్యం. 95 శాతమంటే ఏడాదిలో ఒక పరికరం సుమారు 18 రోజులకు మించి మూలపడరాదన్నమాట. ఈ లెక్క ప్రజలకు తెలియాలి.

2022 ఏప్రిల్‌లో కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. జిల్లా వచ్చినందుకు ఫలితం రోగికి అందాలి. యంత్రం ఏ రోజు ఆగింది, ఎవరికి కబురు చేశారు, ఎప్పటికి బాగవుతుంది అన్న మూడు ముక్కలు ఎక్స్‌రే గది తలుపు మీద రాసిపెట్టడానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘాలు ప్రతి సమావేశంలోనూ ఆ పుస్తకం తెప్పించి చూడాలి. గ్రామస్థులు సిబ్బందితో తగవుపడక ఆ మూడు ప్రశ్నలే అడగాలి. కొత్త యంత్రానికి రిబ్బను కత్తిరించినప్పటి ఉత్సాహంలో సగమైనా పాత యంత్రానికి నూనె వేయడంలో చూపితే, దెబ్బ తగిలినవాడు వంతెనలు దాటవలసిన అగత్యం చాలావరకు తప్పుతుంది.