'నక్కో' అన్న మాట

ఈ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం, తలాబ్‌కట్టా వైపు ఒక ఇరుకు గల్లీలో మేము కుట్టుపని నేర్పే గదిలో, అమ్మాయిలతో కలిసి సినిమా చూశాను. కుట్టుమిషన్లు గోడవారకు జరిపి, కిటికీకి దుప్పటి కట్టారు. ఏం చూద్దామంటే "లవ్ స్టోరీ పెట్టండి ఆపా, ఏడుపు మాత్రం నక్కో" అన్నారు. నా మనసులో ఉన్నది సాగర్ సర్హదీ తీసిన 'బాజార్'. 1982 నాటి సినిమా. గల్ఫ్ నుంచి వచ్చినవాడికి హైదరాబాదు పేదపిల్లను కట్టబెట్టే కథ. తొమ్మిదేళ్ల తర్వాత, 1991లో, ఇక్కడినుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఏడుస్తూ కూర్చున్న పదేళ్ల పిల్లను ఒక ఎయిర్ హోస్టెస్ గమనించి కాపాడింది. పక్కన ఉన్నది అరవై ఏళ్ల సౌదీ 'భర్త'. పాతబస్తీ పేరెత్తితే దేశానికి ఆ కథే గుర్తొస్తుంది. ఈ పిల్లలు మాత్రం ఆ కథ విని విని విసిగిపోయారు. వాళ్లకు నవ్వుకోవాలని ఉంది. అది తప్పెలా అవుతుంది?

మన నగరం మీద నవ్వించే ప్రేమ సినిమాలు లేకపోలేదు. 1998లో నగేష్ కుకునూర్ 17 లక్షల రూపాయలతో తీసిన 'హైదరాబాద్ బ్లూస్'లో అమెరికా నుంచి పన్నెండేళ్లకు తిరిగొచ్చిన కుర్రాడు ఒక డాక్టరమ్మాయి వెంట పడతాడు. చుట్టూ స్నేహితుల పెళ్లిళ్లు, పెళ్లిచూపులు, కీచులాటలు. కలిసి తిరగడం, పోట్లాడుకోవడం, వద్దనుకోవడం, మళ్లీ కావాలనుకోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అయితే అదంతా మూసీకి ఆవలి హైదరాబాదు. ఈవలి గట్టుకు 2006లో 'ది అంగ్రేజ్' వచ్చింది. చార్మినార్ దగ్గర కబుర్లతో పొద్దుపుచ్చే కుర్రాళ్ల గుంపు, వాళ్ల దక్కనీ మాట. ఊరు ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ కుర్రాళ్ల అక్కచెల్లెళ్లు ఎక్కడ అన్న ప్రశ్న చాలా రోజుల తర్వాత గాని తట్టలేదు. ఎక్కడుంటారు? ఇంట్లో లక్క గాజులకు రాళ్లు అతుకుతూ ఉంటారు. అన్న చాయ్ డబ్బులు అక్కడినుంచే వస్తాయి.

చివరికి పెట్టింది 'దావత్-ఎ-ఇష్క్'. హబీబ్ ఫైసల్ దర్శకుడు, 2014 సెప్టెంబరు 19న విడుదలైంది. కథానాయిక గుల్రేజ్ హైదరాబాదు అమ్మాయి, చెప్పుల దుకాణంలో పనిచేస్తుంది. తండ్రి కోర్టులో గుమాస్తా. చూడవచ్చినవాళ్లంతా డబ్బు అడుగుతారు. ప్రేమించినవాడు కూడా చివరికి తల్లిదండ్రుల బేరం పక్కనే నిలబడతాడు. మా పిల్లలు ఈ భాగమంతా పొట్ట పట్టుకుని నవ్వారు. జోడే కీ రకమ్ అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ధర్మం ప్రకారం మెహర్ వరుడు వధువుకు ఇవ్వాలి. ఈ గల్లీల్లో మెహర్ కాగితం మీద నిలిచిపోతుంది, రకమ్ ముందే చేతులు మారుతుంది. మా వైపు దీన్నే లాంఛనాలంటాం. పేరు మారినంత మాత్రాన బేరం మారదు.

అక్కడినుంచి సినిమా దారి తప్పిందని నా అభిప్రాయం. కడుపుమండిన గుల్రేజ్ 498-ఎ సెక్షన్ పేరుతో బెదిరించి డబ్బు గుంజాలని పథకం వేస్తుంది. తండ్రినీ ఒప్పించి, మారుపేర్లతో, డబ్బున్న ఇంటి పిల్లగా లక్నో వెళుతుంది. కట్నం అడిగిన మాటలు రహస్యంగా చిత్రీకరిస్తుంది, పెళ్లి రాత్రే మత్తుమందు ఇచ్చి డబ్బుతో ఉడాయిస్తుంది. తర్వాత తప్పు తెలుసుకుంటుంది, ప్రేమ గెలుస్తుంది, అందరూ సుఖంగా ఉంటారు.

ఆ సెక్షన్ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1974-75లోనే ఈ నగరంలో ప్రగతిశీల మహిళా సంఘం అమ్మాయిలు కట్నానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. ఎమర్జెన్సీ వాళ్ల గొంతు నొక్కింది. తర్వాత దేశమంతటా కోడళ్లు కిరోసిన్ మంటల్లో కాలిపోతుంటే, స్త్రీలు రోడ్డెక్కాక, 1983లో 498-ఎ వచ్చింది. సినిమా విడుదలకు రెండున్నర నెలల ముందు, 2014 జూలై 2న, అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కొందరు భార్యలు ఆయుధంగా వాడుతున్నారని వ్యాఖ్యానించి, వెంటనే అరెస్టు చేయవద్దని పోలీసులకు చెప్పింది. న్యాయస్థానం అనుమానాన్నే తెర హాస్యం చేసింది. 2024 జూలై 1 నుంచి సెక్షన్ల సంఖ్యలు మారాయి, ఇప్పుడు 85, 86 అంటున్నారు. అనుమానం మాత్రం పాతదే. ఒంటి మీద దెబ్బలతో ఠాణాకు వెళ్లిన మనిషిని ముందు "నిజం చెబుతున్నావా?" అని అడుగుతున్నారు.

సినిమా అయ్యాక ఇదంతా చెప్పాలని నేను ఆవేశంగా లేచాను. పిల్లలు వినలేదు. వాళ్లు మాట్లాడుకుంటున్నది మోసం గురించీ కాదు, సెక్షన్ గురించీ కాదు. పెళ్లికి ముందు ఆ ఇద్దరూ లక్నోలో కబాబులు తింటూ తిరిగిన రోజుల గురించి. "అన్ని రోజులు పక్కన కూర్చుని మాట్లాడిందా ఆపా? వాడికి కోపం వస్తే ఎలా ఉంటాడో కూడా చూసిందా?" నా ఉపన్యాసం గొంతులోనే ఆగిపోయింది.

అవును, గుల్రేజ్‌కు ఆ అవకాశం మారుపేరుతో ఉన్నప్పుడే దొరికింది. సొంత పేరుతో ఇంట్లో కూర్చున్నప్పుడు ఆమెకు ధర కట్టారు. ఈ మాటే అంటే, ఇరవై రెండేళ్ల ఒక అమ్మాయి తల వంచుకుని "నాదీ ఫోన్‌లో వేరే పేరే ఉండేది" అంది. ఎవరితోనో ఏడాదిపాటు మాట్లాడింది. ఒక్కసారైనా కలవలేదు. ఫోన్ అన్న చేతిలో పడింది. కొట్టలేదట, దాన్ని అదృష్టంలాగా చెప్పింది. ఫోన్ పోయింది, చదువు మానిపించారు, వారంలో ఒక రిష్తా తెచ్చారు. అబ్బాయి పేరు, జీతం తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు. వద్దని చెప్పావా అంటే, "నక్కో అన్నాను ఆపా. సిగ్గుపడుతోంది అన్నారు."

ఇది ఒక్క మతం సంగతి అనుకుని ఊపిరి పీల్చుకునే పాఠకులెవరైనా ఉంటే వాళ్లకొక మాట. నన్ను చూడవచ్చినవాళ్లు అరగంట కూర్చుని జంతికలు బాగున్నాయన్నారు. ఆరోజు నా తరఫున మాట్లాడింది జంతికలే. 2016లో వచ్చిన 'పెళ్లిచూపులు' సినిమాలో కూడా గది తలుపు పడిపోయి తెరుచుకోకపోతేనే ఆ ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకున్నారు. ఇక తమంతట తామే ఎంచుకున్నవాళ్ల మాటా? 2022 మేలో సరూర్‌నగర్‌లో, మతం కాని అబ్బాయిని చేసుకున్నందుకు, ఒక యువతి కళ్లెదుటే, నడిరోడ్డు మీద, ఆమె అన్న ఆ భర్తను చంపాడు. ఆవలి గట్టు సినిమాల్లో వద్దనడానికి అయ్యే ఖర్చు ఒక పోట్లాట, రెండు కన్నీటి చుక్కలు. ఈ గదిలో కూర్చున్నవాళ్లకు చదువు, ఫోను, ఒక్కోసారి ప్రాణం.

కట్నం మీద ఇన్నేళ్లుగా మేము సభలు పెట్టాం, కేసులు నడిపాం. అవి అవసరమే. కానీ పెళ్లికి ముందు ఆ మనిషిని నాలుగుసార్లు కలిసే హక్కు, కలిశాక వద్దనే హక్కు, వీటిని మేము ఎప్పుడూ కోరికల జాబితాలో రాయలేదు. ప్రేమ వ్యవహారాలు చిన్న విషయాలనుకున్నాం. తల్లిదండ్రులు పిల్లలను మా దగ్గరికి పంపడం మానేస్తారన్న భయమూ ఉంది, దాచడం ఎందుకు?

ఆ అమ్మాయి పెళ్లి ఇంకా కుదరలేదు, మాటల్లోనే ఉంది. పోయిన వారం వచ్చినప్పుడు నిఖానామాలో భార్య తరఫున షరతులు రాయించుకోవచ్చని చెప్పాను. చదువు ఆపకూడదని, రెండో పెళ్లి చేసుకోకూడదని, చేసుకుంటే విడాకులు తీసుకునే అధికారం తనకు ఉండాలని. అన్నీ శ్రద్ధగా కాగితం మీద రాసుకుంది. తర్వాత, "పెళ్లికి ముందు ఒకసారి కలిసి మాట్లాడాలి అని కూడా రాయించొచ్చా ఆపా?" అని అడిగింది.

మిషన్ దగ్గర ఉన్న పిల్ల దారం కొరుకుతూ నవ్వింది. "అది నిఖానామాలో రాసేసరికి నిఖా అయిపోతుంది కదే!"