డొమైన్ ఎవరి పేరున ఉంది?

వెబ్‌సైట్ ఉన్న చిన్న వ్యాపారిని డొమైన్ ఎవరి పేరున ఉందని అడిగితే, ‘అదంతా డిజైనర్ చూసుకుంటాడు’ అన్న జవాబే తరచుగా వస్తుంది. దుకాణం బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద అచ్చయ్యేది ఆ డొమైన్ పేరే. ఆర్డర్ల ఈమెయిళ్లు వచ్చేదీ దాని మీదే. ఇల్లు కట్టిన మేస్త్రీ పేరున స్థలం రిజిస్ట్రేషన్ చేయించేవాళ్లు ఉండరు. డొమైన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఆ పనే చేస్తున్నారు.

చిక్కు తెలిసేది రిజిస్ట్రార్‌ను, అంటే డొమైన్‌ను నమోదు చేసే సంస్థను మార్చాలనుకున్న రోజున. అందుకు ఆథ్ కోడ్ కావాలి. ఈపీపీ కోడ్ అని కూడా అంటారు. మొబైల్ కంపెనీ మారేటప్పుడు 1900కు మెసేజ్ పెడితే వచ్చే పోర్టింగ్ కోడ్ లాంటిదే ఇది. బదిలీని ఆపే లాక్ తీయించి, కోడ్‌ను కొత్త రిజిస్ట్రార్‌కు ఇస్తే డాట్ కామ్ పేర్లు మామూలుగా వారం లోపే మారిపోతాయి.

ఈ కోడ్ ఎంత అవసరమో 2005 జనవరిలో న్యూయార్క్‌లో తెలిసొచ్చింది. పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ డొమైన్ ఓ వారాంతంలో, యజమానులకు తెలియకుండానే ఆస్ట్రేలియాలోని రిజిస్ట్రార్ ఖాతాకు వెళ్లిపోయింది. కస్టమర్ల ఈమెయిళ్లు దారి మళ్లాయి. అడుగుదామంటే అక్కడ సెలవు. పేరు వెనక్కి రావడానికి సోమవారం దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి డాట్ కామ్‌లో కోడ్ పద్ధతి లేదు.

ఇప్పుడు ఆ కోడ్ బరువు ఇంకా పెరిగింది. 2018 మే నెలలో యూరప్ గోప్యతా చట్టం అమలులోకి వచ్చాక డొమైన్ యజమానుల వివరాలు బయటికి కనిపించడం తగ్గింది. కొత్త రిజిస్ట్రార్ యజమానికి ఈమెయిల్ పంపి నిర్ధారించుకునే మెట్టు చాలావరకు పోయింది. కోడ్ ఎవరి చేతిలో ఉంటే పేరు వారి చేతిలో ఉన్నట్టే.

డాట్ కామ్ వంటి పేర్లకు ఐకాన్ సంస్థ పెట్టిన నిబంధనలు యజమాని పక్షానే ఉన్నాయి. అడిగిన ఐదు రోజుల్లోగా రిజిస్ట్రార్ కోడ్ ఇవ్వాలి. బాకీ తగాదా ఉందన్న ఒక్క కారణంతో దాన్ని ఆపకూడదు. అయితే ఆ హక్కు రికార్డులో పేరున్నవారిదే. అక్కడ డిజైనర్ పేరుంటే, డబ్బు కట్టిన వ్యాపారికి రిజిస్ట్రార్ దగ్గర మాట చెల్లదు.

డిజైనర్లందరికీ దురుద్దేశం అంటగట్టడం అన్యాయం. పదిమంది కస్టమర్ల పేర్లు ఒకే ఖాతాలో ఉంటే రెన్యూవల్ సులువు. కానీ ఆ డిజైనర్ వృత్తి మానేస్తే, ఫోన్ నంబరు మార్చేస్తే?

కోర్టుకు వెళ్లే దారి లేకపోలేదు. డొమైన్ వట్టి చిరునామా కాదని, ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ దానికీ ఉందని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా పుట్టిన సత్యం ఇన్ఫోవే వేసిన కేసది. పెద్ద కంపెనీ ఢిల్లీ దాకా వెళ్లగలిగింది. ఊరి మిఠాయి దుకాణానికి అంత ఓపిక ఎక్కడిది?

డాట్ ఇన్ పేర్లను నడిపించే నిక్సీ ఈ విషయంలో చొరవ తీసుకోవాలి. ఎవరి ఖాతాలో కొన్నా కస్టమర్ పేరు, ఈమెయిలే యజమాని వివరాలుగా నమోదు కావాలని గట్టిగా చెప్పాలి. డిజైనర్లు కూడా ఒప్పందంలో ఆ మాట రాసివ్వాలి.

అప్పటిదాకా వ్యాపారులే రికార్డు చూపించమని అడగాలి. డాట్ కామ్‌లో యజమాని పేరు మారిస్తే 60 రోజులు బదిలీ ఆగిపోవచ్చు. అందుకే ఆ మార్పు తగాదా ముదిరాక కాదు, ఈసారి రెన్యూవల్ బిల్లు వచ్చినప్పుడే చేయించుకోవాలి.