జంటనగరముల బాట, దీపముల తగవు



క్రిందటి నెలలో మా చెల్లెలు వ్రాసిన జాబు చదివి మేమొక రాత్రి నిద్రపోలేదు. ఆమె అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ అను జంటనగరములలో నివసించుచున్నది. చలికాలపు సాయంకాలమున రెండేండ్ల బిడ్డతో ఇంటికి వచ్చుచుండగా, కూడళ్లు లేని పెద్దబాట నడిమి వరుసలో బండి యంత్రమాగిపోయెనట. వెనుక బండ్లు వడివడిగా వచ్చుచున్నవి. బిడ్డనెత్తుకొని దిగి పరుగిడుదమని తలుపుపై చేయి వేసినదట. ఇంతలో రాష్ట్రప్రభుత్వపు సహాయకుని బండి దీపములు వెలిగించుకొని వెనుక అడ్డముగా నిలిచి, పిదప ఆమె బండిని మెల్లగా అంచునకు నెట్టినది. రుసుము లేదు. 1987 నుండియు అక్కడ ఇట్టి బండ్లు తిరుగుచున్నవి. వరుస నడుమ నిలిచినప్పుడు హెచ్చరిక దీపములు వెలిగించి, పట్టీ విప్పక లోననే కూర్చుండుట మేలని అతడు చెప్పెనట.

ఇది దయ యొక్కటే కాదు, లెక్కయు. మూడు వరుసలలో నొకటి మూతపడిన మూడవవంతే నష్టమని మనమనుకొందుము. నిజమునకు బాట సత్తువ సగము తగ్గును. తక్కిన రెండు వరుసలవారును తొంగిచూచుచు పోవుదురు గదా! వింత చూచుట మన వీధులకే సొత్తు కాదని మాకు కొంత ఊరట.

ఆ చెల్లెలే మునుపు వేఱొకదానికి విసుగుకొనెడిది. పెద్దబాట కెక్కు త్రోవ మొగదల నొక దీపముండును; పచ్చవెలుగున కొక్క బండి చొప్పున విడుచును. ముందు త్రోవ ఖాళీగా కన్పట్టుచుండ ఏల నిలువవలెనని ఆమె వాదము. మేమును ఆమె పక్షమే. 2000 సంవత్సరమున అక్కడివారు ఇట్లే మొఱపెట్టగా, శాసనసభ ఆజ్ఞచే సుమారు 430 దీపములను కొన్ని వారములు ఆర్పి చూచిరి. బాటపై సాగిన బండ్లు నూటికి 9 తగ్గెను. ప్రయాణకాలము నూటికి 22, ప్రమాదములు నూటికి 26 పెరిగెను.

తిరుగలి త్రిప్పిన చేతులకు కారణము చెప్ప నక్కఱలేదు. గింజలు పిడికెడు చొప్పున వేసిన పిండి రాలును. దోసిళ్లతో కుమ్మరించిన రాయి పట్టివేయును. బండ్లు గుంపుగా చొరబడిన ముందువాడు వేగము తగ్గించును, వెనుకవాడు మఱింత తగ్గించును, ఆ వెనుక నెక్కడనో ఒకడు నిలిచియే పోవును.

అయినను మొఱపెట్టినవారిది వట్టి మొండితనమని మేమనము. మరల వెలిగించునప్పుడు కొన్ని దీపములను మానిరి. ఎక్కడను నాలుగు నిమిషములకు మించి నిలుపరాదని కట్టడి చేసిరి. అడుగకున్న ఆ కట్టడి వచ్చెడిదా?

మా చెల్లెలిప్పుడు దీపముకడ విసుగుకొనదట. బిడ్డ మాత్రము ఎఱ్ఱవెలుగు చూచినంతనే ఏడ్పు లంకించుకొనునట.