నీటిని విడగొట్టే కరెంటు ఎవరి పొలంలోంచి?

నీళ్ల నుంచి ఇంధనం తీస్తారనగానే తాగునీటికి, సాగునీటికి ఎసరొస్తుందని మన భయం. ఆ భయం ఉండాల్సిందే. అయితే గ్రీన్ హైడ్రోజన్‌లో పెద్ద లెక్క నీళ్లది కాదు, కరెంటుది. కరెంటు లెక్క చివరకు భూమి లెక్క అవుతుంది.

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యేటప్పుడు ఎంత శక్తి బయటికొస్తుందో, విడగొట్టాలంటే కనీసం అంత శక్తీ తిరిగి పెట్టాలి. కిలో హైడ్రోజన్‌కు అది 39 యూనిట్ల పైమాటే. యంత్రంలో వేడిగా పోయేది కూడా కలిపితే 50 నుంచి 55 యూనిట్లు. మన 5 హెచ్‌పీ మోటారు పన్నెండు, పదమూడు గంటలు ఆడే కరెంటు అది. నీళ్లు మాత్రం కిలోకు తొమ్మిది లీటర్లే, శుద్ధిలో పోయేది వేరు. (నీళ్లతో ఇంజన్ నడుస్తుందంటూ కిట్లు అమ్మవచ్చేవారికి కూడా ఇదే జవాబు. పెట్టినదానికన్నా ఎక్కువ తిరిగి రాదు.)

యూరియా సంగతి చూడండి. 45 కిలోల బస్తా తయారీకి సుమారు నాలుగున్నర కిలోల హైడ్రోజన్ కావాలి. ఇప్పుడది సహజవాయువు నుంచి వస్తోంది, రామగుండం ఫ్యాక్టరీ కూడా గ్యాస్ మీదే నడుస్తోంది. అదే హైడ్రోజన్‌ను నీటి నుంచి తీస్తే బస్తాకు దాదాపు 230 యూనిట్లు. యూనిట్ 3 రూపాయలనుకున్నా కరెంటుకే 690 రూపాయలు. మనం కొనే బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. తేడా సబ్సిడీలో పడుతుందా, మన నెత్తిన పడుతుందా?

అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. ఉత్పత్తి ప్రధానంగా ఎగుమతికే. ఆ లెక్కన రోజుకు ఏడున్నర కోట్ల యూనిట్లు కావాలి, రాష్ట్రం మొత్తం ఒక రోజు వాడే కరెంటులో సుమారు మూడో వంతు. ఇందుకు 20 వేల మెగావాట్ల సౌర, పవన విద్యుత్తు చూపుతున్నారు. మెగావాట్ సోలార్‌కు నాలుగైదు ఎకరాలు పడుతుంది. అంతా సోలారే అయితే 80 వేల నుంచి లక్ష ఎకరాలు. పవన విద్యుత్తు కలిస్తే కొంత తగ్గుతుంది, కొంత వేరే రాష్ట్రాల నుంచీ రావచ్చు. అయినా ఎండ, గాలి రెండూ దండిగా ఉన్న రాయలసీమ మెట్టభూముల వైపు కంపెనీల చూపు పడక మానదు.

హైడ్రోజన్ వద్దని మనం అనడం లేదు. డీజిల్, గ్యాస్ దిగుమతులు తగ్గితే రైతుకూ మేలే. కానీ లీజు పత్రం మీద సంతకం పట్టాదారుది, అక్కడ సేద్యం చేసేది కౌలు రైతు. లీజు డబ్బులో అతనికి వాటా ఎక్కడ? అసైన్డ్ భూములు గ్రామసభ అనుమతి లేకుండా ఇవ్వకూడదు. లీజు ధర ఏటా పెరగాలి, గడువు తీరాక పునాదులు, తీగలు తొలగించి నేలను సాగుకు తగినట్టు అప్పగించాలి. ఎగుమతి ప్లాంట్ల కోసం వేసే లైన్ల ఖర్చును డిస్కంల ద్వారా మన బిల్లుల్లో కలపకూడదు. పగటిపూట తొమ్మిది గంటల వ్యవసాయ కరెంటులో ఒక్క గంట కూడా తగ్గకూడదు. భూసేకరణ నోటీసులు వచ్చిన గ్రామాల సభ్యులు ప్రతులు వెంటనే మండల కమిటీకి అందజేయండి.